అట్టపెట్టెలో అలల బలం

రంగు కాగితాలు, పూసలు, దారపు ఉండలు, బ్రష్‌లు, జిగురు సీసా... చేతిపనులు చేసేవారి ఇంట్లో ఇవి తలో మూలా ఉంటాయి. కిరాణా కొట్టులో దొరికే ఖాళీ అట్టపెట్టెతో వీటన్నిటికీ ఒక అందమైన పెట్టె చేసుకోవచ్చు. అయితే ఇలా చేసిన పెట్టె తరచు ఒక్క వానాకాలానికే ఒంగిపోతుంది. మూలలు విడిపోతాయి. జిగురు చాలక కాదు. అట్ట నిర్మాణాన్ని గమనించకుండా కోయడం, అతికించడం వల్ల ఇలా జరుగుతుంది.

అట్ట అంచును పరిశీలించండి. మధ్యలో అలలుగా ముడతలు పడిన కాగితం, దానికి రెండు వైపులా నున్నటి కాగితాలు కనిపిస్తాయి. 1856లో ఇంగ్లండులో ముడతల కాగితానికి పేటెంటు తీసుకున్నది టోపీల లోపల అస్తరుగా వాడడానికి! 1871లో అమెరికాలో ఆల్బర్ట్ జోన్స్ సీసాలు, గాజు చిమ్నీలు పగలకుండా చుట్టడానికి దానికి పేటెంటు పొందాడు. రెండు వైపులా కాగితం అతికించడం ఆ తరువాత వచ్చింది. పెట్టెలకు పనికివచ్చే గట్టి అట్ట అలా తయారైంది.

ఈ గట్టిదనం ఎక్కడిది? ఒకే పదార్థంతో చేసిన పలక మందం రెండింతలైతే అది వంగకుండా నిలిచే గుణం ఎనిమిదింతలవుతుంది. అట్టలోని అలలు రెండు కాగితాలనూ దూరదూరంగా నిలిపి, బరువు పెద్దగా పెరగకుండానే మందాన్ని ఇస్తాయి.

ఒక చిన్న ప్రయోగం చేయండి. 20 సెం.మీ. పొడవు, 4 సెం.మీ. వెడల్పు గల రెండు పట్టీలు కోయండి. ఒకదానిలో అలల గీతలు పొడవునా, రెండోదానిలో అడ్డంగా ఉండాలి. 15 సెం.మీ. ఎడంగా పెట్టిన రెండు పుస్తకాల మీద వాటిని ఉంచి, మధ్యలో నాణేలు పేర్చండి. అడ్డగీతల పట్టీ ముందుగా వంగిపోతుంది. పెట్టె గోడల్లో అలలు నిలువుగా ఉంటే అవి వరుసగా నిలిపిన స్తంభాల్లా బరువు మోస్తాయి.

అందుకే అడుగు, నాలుగు గోడలు ఒకే అట్టలో కోసి పైకి మడవకండి. అలా చేస్తే రెండు గోడల్లో మాత్రమే అలలు నిలువుగా వస్తాయి. పెద్ద పెట్టెను అతుకు దగ్గర విప్పి పరిచి, 103 సెం.మీ. పొడవు, 12 సెం.మీ. ఎత్తు గల పట్టీ కోయండి. అలలు ఎత్తు వెంట ఉండాలి. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో 30, 50, 80, 100 సెం.మీ. దగ్గర గీతలు నొక్కండి. చివరి 3 సెం.మీ. అతుకు కోసం. బ్లేడు వాడేటప్పుడు స్టీలు స్కేలు ఆనించి, వేళ్లు దూరంగా ఉంచండి.

అలంకరణ మడవకముందే చేయాలి. జిగురు తడికి కాగితంలోని పీచులు ఉబ్బుతాయి, ఆరాక ముడుచుకుంటాయి. ఒకవైపే కాగితం అతికిస్తే అది ముడుచుకుంటూ అట్టను తనవైపు లాగుతుంది. అట్ట విల్లులా వంగుతుంది. లోపలివైపు కూడా అలాంటి కాగితమే అతికిస్తే రెండు లాగుళ్లూ సరిపోతాయి. ఉడికించిన మైదా జిగురు చిక్కగా, పలుచని పూతగా రాయండి. ఎండలో పెట్టకుండా, నాలుగైదు నోటుపుస్తకాల బరువు కింద నీడలో ఆరనివ్వండి. బరువు ఎక్కువైతే అలలు నలిగిపోతాయి.

ఆరాక పట్టీని మడిచి అతుకు వేయండి. మడతల్లో అట్ట మందం కొంత పోతుంది కనుక, అడుగు అట్టను తయారైన చట్రాన్ని కొలిచాకే కోసి, కాగితపు పట్టీలతో అతికించండి.

కాగితపు పీచుల్లో ఉండేది సెల్యులోజ్. ఆ పీచులను హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. గాలిలోని తేమ పీచుల్లో చేరితే ఆ బంధాలు సడలి అట్ట మెత్తబడుతుంది. సెల్యులోజ్ చెదలకు ఆహారం కూడా. కాబట్టి పెట్టెను నేల మీదా, చెమ్మ గోడ పక్కనా కాక అల్మరాలో ఉంచండి. పురుగులు పట్టకుండా పుస్తకాలు కుట్టేవారు జిగురులో మైలుతుత్తం కలపడం కద్దు. అది విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

పట్టీల ప్రయోగాన్ని వాన కురిసే రోజున, ఆరుబయట పంచలో ఒక రాత్రి ఉంచిన అట్టతో మళ్లీ చేయండి. ఎన్ని నాణేలు తగ్గాయో లెక్కపెట్టండి. మీ పెట్టెను ఎక్కడ ఉంచాలో ఆ లెక్కే చెబుతుంది.