విదేశీ ఔషధాల వ్యక్తిగత దిగుమతి

విదేశీ ఔషధాల వ్యక్తిగత దిగుమతి అనగా వైద్యుని చీటీ ఉంటేనే అమ్మవలసిన మందును ఒక రోగి తన సొంత వాడకం కోసం మరొక దేశపు మందుల దుకాణం నుండి తెప్పించుకొనుట, లేదా ప్రయాణంలో వెంట తెచ్చుకొనుట. స్వదేశంలో మందు దొరకకపోవడం, దొరికినా ధర అందుబాటులో లేకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. చాలా దేశాలు దీనిని పూర్తిగా నిషేధించక, పూర్తిగా అనుమతించక, పరిమాణంపైనా ప్రయోజనంపైనా షరతులు విధించాయి. ఔషధ తయారీకి పేరొందిన తెలంగాణకు ఈ విషయంతో రెండు వైపుల నుండీ సంబంధం ఉంది. చవక మందులు ఇక్కడి నుండి విదేశాలకు వెళ్తాయి. అరుదైన వ్యాధులకు కావలసిన ఖరీదైన మందులు విదేశాల నుండి ఇక్కడికి వస్తాయి.

ధరలలో తేడాకు కారణాలు

ఒకే మందు ధర దేశానికొక విధంగా ఉండడానికి పేటెంటు చట్టాలు, ప్రభుత్వాల ధరల నియంత్రణ ప్రధాన కారణాలు. భారతదేశపు 1970 పేటెంటు చట్టం మందులలో తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది, మందుకు ఇవ్వలేదు. అందువలన వేరొక పద్ధతిలో అదే మందును తయారు చేసుకొనే వీలు కలిగి, దేశీయ కంపెనీలు పెరిగాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాన్ని అనుసరించి 2005లో మందులకు కూడా పేటెంటు ఇవ్వడం మొదలయింది. కెనడాలో పేటెంటు ఉన్న మందుల ధరలను సమీక్షించే మండలి 1987లో ఏర్పడింది. అమెరికాలో వృద్ధుల వైద్య బీమా పథకమైన మెడికేర్ మందుల ధరలపై బేరమాడడానికి 2022 వరకు చట్టం ఒప్పుకోలేదు. 2022 చట్టం ప్రకారం బేరమాడి నిర్ణయించిన మొదటి పది మందుల ధరలు 2026 జనవరి నుండి అమలులోకి వచ్చాయి.

దక్షిణ తెలంగాణలో ఔషధ పరిశ్రమ

1961లో స్థాపించబడిన ప్రభుత్వ రంగ సంస్థ ఐ.డి.పి.ఎల్. హైదరాబాదు కర్మాగారంతో ఈ ప్రాంతంలో ఔషధ పరిశ్రమకు పునాది పడింది. తరువాతి దశాబ్దాలలో పరిశ్రమ పూర్వపు నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలకు విస్తరించింది. భూదానోద్యమానికి, చేనేతకు ప్రసిద్ధి చెందిన పోచంపల్లికి సమీపంలో, హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న చౌటుప్పల్ ఇందులో ఒక ముఖ్య కేంద్రం. చౌటుప్పల్ మండలంలోని లింగోజిగూడెంలో దివీస్ లేబొరేటరీస్ తన మొదటి కర్మాగారాన్ని 1995లో ప్రారంభించింది. మందులలో పనిచేసే ముడి రసాయనాలను ఇటువంటి కర్మాగారాలు తయారు చేసి విదేశీ కంపెనీలకు సరఫరా చేస్తాయి. 2016 జిల్లాల పునర్విభజనలో పోచంపల్లి, చౌటుప్పల్ మండలాలు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరాయి. జడ్చర్ల సమీపంలోని పోలేపల్లి ప్రత్యేక ఆర్థిక మండలిలో అరబిందో, హెటిరో వంటి సంస్థల మాత్రల కర్మాగారాలు ఉన్నాయి.

ఎగుమతి కర్మాగారాలను అమెరికా ఆహార, ఔషధ సంస్థ అయిన ఎఫ్.డి.ఎ. అధికారులు స్వయంగా వచ్చి తనిఖీ చేస్తారు. 2015 నవంబరులో డాక్టర్ రెడ్డీస్ సంస్థకు చెందిన మూడు కర్మాగారాలకు ఎఫ్.డి.ఎ. హెచ్చరిక లేఖ ఇచ్చింది. అందులో నల్గొండ జిల్లా మిర్యాలగూడ ప్రాంతపు కర్మాగారం ఒకటి.

అమెరికాలో నిబంధనలు

అమెరికా చట్టం ప్రకారం ఎఫ్.డి.ఎ. అనుమతి మందు పేరుకు మాత్రమే పరిమితం కాదు. తయారుచేసే సంస్థ, తయారయ్యే కర్మాగారం, మోతాదు, పెట్టె మీది చీటీ కూడా ఆ అనుమతిలో భాగాలు. కనుక ఒకే కర్మాగారంలో తయారైనప్పటికీ, భారతీయ విపణి కోసం ముద్రించిన చీటీతో హైదరాబాదులో కొన్న మాత్ర అమెరికాలో అనుమతి లేని మందుగానే లెక్కించబడుతుంది. 1987 నాటి చట్టం ప్రకారం, అమెరికాలో తయారై విదేశానికి వెళ్ళిన మందును తిరిగి దిగుమతి చేసుకొనే హక్కు తయారీదారుకే ఉంటుంది.

అయినప్పటికీ వ్యక్తులు తెచ్చుకొనే కొద్దిపాటి మందుల విషయంలో ఎఫ్.డి.ఎ. అధికారులు విచక్షణ చూపవచ్చు. తీవ్రమైన వ్యాధికి స్వదేశంలో సరైన చికిత్స లేకపోవడం, మందు వలన అనుచితమైన ప్రమాదం లేకపోవడం, ఆ మందును అమెరికాలో ప్రచారం చేసి అమ్మకపోవడం, సొంత వాడకమని రోగి వ్రాతపూర్వకంగా తెలపడం, పరిమాణం సాధారణంగా మూడు నెలలకు మించకపోవడం ఇందులో పరిశీలించే అంశాలు. ఇది హక్కు కాదు, సడలింపు మాత్రమే. ధర తక్కువ అనే కారణం ఈ జాబితాలో లేదు. స్వదేశానికి వచ్చి వెళ్ళే ప్రవాస తెలుగువారు వెంట తీసుకువెళ్ళే మందులకు కూడా ఇదే వర్తిస్తుంది.

చవక మందులను కెనడా నుండి తెప్పించుకోవడానికి అనేక ప్రయత్నాలు జరిగాయి. 2000లో దిగుమతికి వీలు కల్పించే చట్టం వచ్చింది కాని, భద్రతకు, పొదుపుకు ఆరోగ్య శాఖ కార్యదర్శి హామీ ఇవ్వాలనే షరతు వలన అది అమలు కాలేదు. 2003 మెడికేర్ చట్టం కూడా అదే షరతుతో కెనడా దిగుమతిని ప్రస్తావించింది. అదే సంవత్సరం మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ నగరం తన ఉద్యోగుల కోసం కెనడా మందులు తెప్పించడం ప్రారంభించింది. 2020లో మొదటిసారిగా కార్యదర్శి ఆ హామీ ఇవ్వడంతో నియమాలు వెలువడ్డాయి. అదే ఏడాది నవంబరులో కెనడా, తమ దేశంలో కొరతకు దారితీసే ఎగుమతులను నిషేధించింది. 2024 జనవరి 5న ఫ్లోరిడా రాష్ట్రపు దిగుమతి పథకానికి ఎఫ్.డి.ఎ. ఆమోదం తెలిపింది.

భారతదేశంలో నిబంధనలు

1940 నాటి ఔషధాల, సౌందర్య సాధనాల చట్టంలోని 10వ విభాగం లైసెన్సు లేని మందుల దిగుమతిని నిషేధిస్తూనే, సొంత వాడకానికి కొద్ది పరిమాణంలో తెచ్చుకొనే మందులను షరతులతో మినహాయించింది. ఆ షరతులు 1945 నియమావళిలోని 36వ నియమంలో ఉన్నాయి.

ప్రయాణికుని సామానులో వచ్చే మందులు అతని సొంతానికే ఉద్దేశించినవై ఉండాలి. కస్టమ్స్ అధికారులు కోరినపుడు వాటిని చూపాలి. ఏ ఒక్క మందూ సగటున వంద మోతాదులకు మించరాదు.

సామానుతో కాక వేరుగా తెప్పించుకొనే మందులకు ముందుగా అనుమతి కావాలి. రోగి 12-ఎ నమూనాలో దరఖాస్తు చేసుకొని, నమోదైన వైద్యుని చీటీ జతపరచాలి. కోరిన పరిమాణం సహేతుకమని భావిస్తే లైసెన్సు అధికారి 12-బి నమూనాలో అనుమతి పత్రం ఇస్తారు. మత్తు మందులకు 1985 నాటి చట్టం అదనంగా వర్తిస్తుంది.

అరుదైన వ్యాధుల విషయంలో ఈ అనుమతి ప్రాణావసరం. వెన్నెముక కండరాల క్షీణత వ్యాధికి వాడే జోల్‌జెన్‌స్మా ఒక్క మోతాదు ధర సుమారు 16 కోట్ల రూపాయలు. కొన్ని కుటుంబాలు ప్రజల విరాళాలతో దీనిని తెప్పించుకున్నాయి. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో పేర్కొన్న వ్యాధులకు వ్యక్తిగతంగా తెప్పించుకొనే మందులపై 2023 ఏప్రిల్ 1 నుండి కస్టమ్స్ సుంకం రద్దు చేయబడింది. ఇందుకు కేంద్ర లేదా రాష్ట్ర ఆరోగ్య సేవల సంచాలకుని, జిల్లా వైద్యాధికారి లేదా సివిల్ సర్జన్ ధ్రువపత్రం అవసరం.

హెపటైటిస్-సి మందు ఉదాహరణ

కాలేయ వ్యాధి అయిన హెపటైటిస్-సికి వాడే సోఫోస్‌బువిర్ మాత్రను 2013లో అమెరికాలో ఒక్కొక్కటి 1000 డాలర్లకు విడుదల చేశారు. పన్నెండు వారాల చికిత్సకు 84,000 డాలర్లు అయ్యేది. పేటెంటుదారు గిలియడ్ సంస్థ 2014 నుండి హెటిరో, నాట్కో వంటి భారతీయ కంపెనీలకు తయారీ లైసెన్సులు ఇచ్చింది. నాట్కో 2015లో 28 మాత్రల సీసాను 19,900 రూపాయల గరిష్ఠ ధరకు విడుదల చేసింది. ఈ లైసెన్సులు సంపన్న దేశాలలో అమ్మకానికి వర్తించవు. ఆస్ట్రేలియాలో వైద్యుని చీటీపై మూడు నెలల మందును సొంతానికి తెప్పించుకొనే వీలుండడంతో, అక్కడి రోగులు అనేకులు భారతీయ మాత్రలు తెప్పించుకున్నారు. అంతకుముందు 2012 మార్చిలో నాట్కోకు కాన్సరు మందు సొరాఫెనిబ్ తయారీకి తప్పనిసరి లైసెన్సు లభించింది. దానితో నెలకు సుమారు 2,80,000 రూపాయలు ఉన్న ధర 8,800 రూపాయలకు దిగింది. అయితే ఆ లైసెన్సు భారతదేశంలో అమ్మకానికే పరిమితం.

భద్రత

దిగుమతిని వ్యతిరేకించేవారు నకిలీ మందుల ప్రమాదాన్ని చూపుతారు. 2022లో గాంబియాలో పిల్లల మరణాలకు హర్యానాలో తయారైన దగ్గు మందులతో సంబంధం ఉందన్న ఆరోపణ ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరికకు దారితీసింది. ఆ తరువాత 2023 జూన్ 1 నుండి దగ్గు మందుల ఎగుమతికి ముందు ప్రయోగశాల పరీక్షను భారత ప్రభుత్వం తప్పనిసరి చేసింది. అంతర్జాలంలో కెనడా దుకాణాలుగా చెప్పుకొనేవి కొన్ని నిజానికి వేరే దేశాల నుండి మందులు పంపుతాయి. కెనడా దుకాణాల ప్రకటనలను అనుమతించినందుకు గూగుల్ సంస్థ 2011లో అమెరికా ప్రభుత్వానికి 50 కోట్ల డాలర్లు చెల్లించింది.

దిగుమతిని సమర్థించేవారి వాదన వేరు. ధర భరించలేక మందు మానివేయడం కూడా ప్రాణాపాయమేనని వారు అంటారు. గుర్తింపు పొందిన దుకాణాలకు, తనిఖీ జరిగిన కర్మాగారాలకు దిగుమతిని పరిమితం చేస్తే నకిలీల బెడద తగ్గుతుందని వారి అభిప్రాయం. చిన్న దేశాల మందుల నిల్వలు పెద్ద దేశపు గిరాకీని తట్టుకోలేవన్న అభ్యంతరానికి మాత్రం ఈ పరిమితులు పరిష్కారం చూపలేవు.

ఇవి కూడా చూడండి

జనరిక్ మందు
పేటెంటు
భూదాన్ పోచంపల్లి
చౌటుప్పల్