బండి డీజిలు ఎక్కువ త్రాగినచో

మెట్రో రైలు 2017లో అమీర్‌పేటకు వచ్చినను, సరకులు మోయు పికప్ బండి పంజాగుట్ట కూడలిని ఆగుచు, కదలుచునే దాటవలెను. వచ్చిన కిరాయి డీజిలుకే చాలుటలేదని యజమాని వాపోవును. ఇంజను విప్పించుటకు ముందు మనము లెక్క చూతము. టాంకు నిండుగా పోయించి, మీటరు వ్రాసికొని, వారము నడిపి మరల నింపినచో లీటరుకు ఎన్ని కిలోమీటర్లో తేలును. అటుపై చల్లని టైర్లలో గాలి చూడవలెను. కొంత దూరము నడిపి ఆపి, చక్రములను తాకకుండ దగ్గరగా అరచేయి చాపవలెను. ఒక్క చక్రమే మిక్కిలి వేడిగా నున్నచో బ్రేకు పట్టియున్నదేమో చూపింపవలెను. నల్లని పొగ వచ్చినచో గాలి ఫిల్టరును, ఇంజెక్టర్లను పరీక్షింపవలెను. ఎక్కువసేపు నిలిచినపుడు ఇంజను ఆపవలెను. ఒక్కొక్కటి సరిచేసి మరల కొలిచినచో, ఏ మరమ్మతుతో లెక్క మెరుగుపడునో దోషమచ్చటనే యున్నదని తెలియును. అనవసరపు ఖర్చు తప్పి, ఇంటికి నాలుగు రూకలు చేరును.