మీ ఇంటి రౌటర్ సెట్టింగ్స్ ఒక్కసారైనా చూశారా?



కనెక్షన్ పెట్టిన రోజు టెక్నీషియన్ రౌటర్‌ను గోడకు బిగించి, వై-ఫై పాస్‌వర్డ్ చెప్పి వెళ్లిపోతాడు. ఆ తర్వాత నెట్ ఆగినప్పుడు స్విచ్ ఆపి వేయడం తప్ప చాలా ఇళ్లలో దాని జోలికి ఎవరూ వెళ్లరు. మీ పిల్లలు వై-ఫైలో చూసే పాఠమైనా, ఆడే గేమైనా ఆ డబ్బా గుండానే రావాలి. దాన్ని చక్కబెట్టుకోవడానికి కోడింగ్ రానక్కర్లేదు. కంప్యూటర్‌లో బటన్లు, మెనూలతో దానికో పేజీ ఉంటుంది. ఆదివారం ఒక గంట కేటాయిస్తే చాలు.

పేజీ తెరవడం ఎలా?

ఇంటి వై-ఫైకి కలిపిన ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 అని టైప్ చేయండి. సరైన అడ్రస్, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ సాధారణంగా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. లేకపోతే కనెక్షన్ ఇచ్చినవారిని అడగండి. ఏదైనా మార్చే ముందు ఆ స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ‘వాన్’ అని ఉన్న విభాగాన్ని ముట్టుకోవద్దు. అందులోని వివరాలు మారితే నెట్ ఆగిపోతుంది.

మార్చాల్సినవి నాలుగు

1. అడ్మిన్ పాస్‌వర్డ్: వై-ఫై పాస్‌వర్డ్ వేరు, ఈ పేజీ పాస్‌వర్డ్ వేరు. కంపెనీ పెట్టినదాన్ని అలాగే ఉంచితే ప్రమాదం. 2016లో ‘మిరాయ్’ అనే వైరస్ ఇలాంటి పాస్‌వర్డ్‌లు సుమారు 60 ప్రయత్నించి, ఎన్నో దేశాల్లో సీసీ కెమెరాలను, రౌటర్లను చేజిక్కించుకుంది. వాటితో చేసిన దాడి వల్ల ఆ అక్టోబర్‌లో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు చాలామందికి కొన్ని గంటలపాటు అందలేదు.

2. వై-ఫై భద్రత: సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకోండి. పాస్‌వర్డ్ కనీసం 12 అక్షరాలు ఉండాలి. ఫోన్ నంబర్, పిల్లల పేరు వద్దు.

3. గెస్ట్ నెట్‌వర్క్: ఇంటికి వచ్చినవాళ్లకు ఇది ఇవ్వండి. మీ అసలు పాస్‌వర్డ్ అపార్ట్‌మెంట్ అంతా పాకదు.

4. సమయం: ‘పేరెంటల్ కంట్రోల్’ మెనూలో పిల్లల ఫోన్‌ను ఎంచుకుని, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నెట్ ఆగేలా పెట్టవచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. రౌటర్ ప్రతి ఫోన్‌ను దాని ‘మ్యాక్ అడ్రస్’తో గుర్తుపడుతుంది. ఇప్పటి ఫోన్లు ఆ అడ్రస్‌ను దాచి, వేరొకటి చూపిస్తాయి. అది మారితే మీరు పెట్టిన నియమం ఆ ఫోన్‌కు వర్తించదు. అందుకని పిల్లల ఫోన్‌లో, మీ ఇంటి వై-ఫై వరకు, ‘ప్రైవేట్ వై-ఫై అడ్రస్’ లేదా ‘ర్యాండమైజ్డ్ మ్యాక్’ అన్నదాన్ని ఆపేయండి.

పెద్దల కోసం ఉద్దేశించిన సైట్లు రాకుండా చూడాలంటే ‘డీఎన్‌ఎస్’ దగ్గర 1.1.1.3, 1.0.0.3 అని ఇవ్వవచ్చు. ఇది క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 నుంచి కుటుంబాల కోసం ఉచితంగా ఇస్తున్న సేవ. కనెక్షన్‌తో వచ్చిన కొన్ని రౌటర్లలో దీన్ని మార్చనివ్వరు.

రౌటర్ చేయలేనిది

మొబైల్ డేటా ఆన్ చేస్తే పైన చెప్పిన ఏ నియమమూ పనిచేయదు. వీపీఎన్ యాప్‌తో ఫిల్టర్‌ను దాటడం హైస్కూలు పిల్లలకు పెద్ద కష్టమేమీ కాదు. తెలియకుండా పెట్టిన ఆంక్ష తెలిసిన రోజున వాళ్లు దారి వెతుకుతారు, మనమీద నమ్మకమూ తగ్గుతుంది. కాబట్టి ఈ పేజీని మీ అబ్బాయిని, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకునే తెరవండి. ఏది ఎందుకు మారుస్తున్నారో చెప్పండి. ఏ టైముకు ఆపాలో వాళ్లనీ అడగండి. పరీక్షల రోజుల్లో కాస్త సడలించండి. రాత్రి 10 నియమం అమ్మానాన్నల ఫోన్లకూ పెడితే ఇక వాదనే ఉండదు!

ఈ నెల తల్లిదండ్రుల హోంవర్క్: కనీసం అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. కొత్తది డైరీలో రాసి, భద్రంగా దాచుకోండి.