భుజాలున్నప్పుడే శాలువా

మా కర్దనూరులో సాయంత్రం బంతి తన్నుతున్న కుర్రవాళ్ళను, "రహీం ఎవరు?" అని అడిగాను. "సినిమాలో చూశాం" అన్నారు. సినిమా వచ్చింది 2024లో. ఆయన పోయింది 1963లో!

ఉస్మానియాలో చదివి, బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే మన ఫుట్‌బాల్ జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. రెంటిలోనూ ఆడిన మన సికింద్రాబాదు తులసీదాస్ బలరాం అర్జున అందుకున్నారు గాని, పద్మశ్రీ అందకుండానే 2023లో కన్నుమూశారు.

విశ్వవిద్యాలయాలు కప్పులను అద్దాల బీరువాల్లో దాస్తాయి. మరి వాటిని గెలిచి తెచ్చినవారో? ఏటా ఒకసారి పాత ఆటగాళ్ళను పిలిచి, కుర్చీ వేసి, కొత్తవాళ్ళకు నాలుగు మాటలు చెప్పిస్తే చాలు. శాలువా ఖరీదెంత? కప్పించుకునే భుజాలు ఉన్నప్పుడే కప్పాలి గదా!