తాతగారి పాటల పుస్తకాలు... అమ్మేదా? ఉంచేదా?

సినిమా హాలు దగ్గర అణాకీ, రెండణాలకీ పాటల పుస్తకాలు అమ్మిన రోజులు మన పాఠకుల్లో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. తారాగణం, సగం కథ, 'మిగతాది వెండితెరపై చూడండి' అంటూ ఓ ఊరింపు, ఆ తరువాత పాటలు... అంతే పుస్తకం! చిత్తూరులో గుమాస్తా ఉద్యోగం చేస్తూ మా తాతగారు అలాంటివి 61 కొన్నారు. వాటికి తోడు 22 కుక్కబొమ్మ రికార్డులు. చెయ్యి జారితే ముక్కలయ్యే లక్క పళ్ళేలు!

ఆయన పోయాక ఆ ట్రంకు పెట్టె అవ్వ మంచం కిందికి చేరింది. పోయిన వానాకాలం మిద్దె కారి పెట్టె అడుగున చెమ్మ పట్టింది. తిరుపతి నుంచి బస్సెక్కి వెళ్ళి మూత తీస్తే, రామబాణం పురుగులు నాకంటే ముందే చదవడం మొదలెట్టాయి. పుస్తకాలు నిలవాలంటే మిద్దె బాగుచేయించాలి. మిద్దెకు డబ్బు కావాలంటే పుస్తకాలు అమ్మాలి. పత్రికలకు వ్యాసాలు రాసుకుని బతికేవాడికి ఇంకో దారేది?

చెన్నై నుంచి ఒక పాత సామాన్ల వ్యాపారి వచ్చాడు. 'మాయాబజార్' (1957) పుస్తకం తిరగేసి, "అట్టమీద ఈ ఇంకు లేకుంటే మూడింతలు ఇచ్చేవాణ్ణి సార్" అన్నాడు. ఏ రోజు చూసిందీ, ఏ క్లాసులో, ఎవరితో అన్నీ ఆకుపచ్చ సిరాతో రాయడం తాతగారి అలవాటు. 'పాతాళభైరవి' (1951) మీద "నేల టిక్కెట్టు. కొత్త పెళ్ళికూతురు నిద్రపోయింది" అని ఉంది. ఆ పెళ్ళికూతురు మా అవ్వే! చదివి వినిపిస్తే కస్సుమంది.

"ఎవురు నిద్రపొయ్యింది? ఆ నేపాళ మాంత్రికుణ్ణి చూసి కండ్లు మూసుకున్యా!"

ఒక్క పుస్తకం మీద మాత్రం గీత లేదు. 1946 నాటి 'త్యాగయ్య'. నాగయ్యగారు నటించి, దర్శకత్వం వహించి, సంగీతమూ సమకూర్చిన చిత్రం. ఆయన పుట్టింది గుంటూరు జిల్లాలోనైనా ఇక్కడి రామవిలాస సభ నాటకాలే ఆయన్ను 'చిత్తూరు' నాగయ్యను చేశాయి. ఆయన పుస్తకం మీద కలం పెట్టడానికి తాతగారికి చేతులు రాలేదట. అదే శుభ్రంగా ఉంది, దానికే ఎక్కువ ధర!

రికార్డుల గురించి నాకంత బాధ లేదు. గ్రామఫోను స్ప్రింగు తెగి ఏళ్ళయింది. 'త్యాగయ్య' దగ్గరే రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. 1964లో పుణేలో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఇలాంటి పాటల పుస్తకాలు భద్రపరుస్తారు. అక్కడికి పంపితే? పుస్తకం బతుకుతుంది, మిద్దె కారుతూనే ఉంటుంది.

చివరికి అవ్వనే అడిగాను.

"ఆయప్ప సంపాయించిందంతా అడిగినోళ్ళకి ఇచ్చేసి, వట్టి చేతుల్తో పొయ్యినాడు. ఆయప్ప పుస్తకాన్ని నువ్వు పట్టుకోని కూచుంటే ఎట్ల నాయనా? మబ్బు పడతా ఉండాది, ఇచ్చెయ్."

నాగయ్యగారు 1973 డిసెంబరు 30న కన్నుమూశారు. పద్మశ్రీ వచ్చిన ఎనిమిదేళ్ళకి. ఆ చివరి రోజుల ఇబ్బందులు సినీ అభిమానులకు తెలియనివి కావు.

పేజీ పేజీకీ ఫోటో తీసుకుని 'త్యాగయ్య'ను, రికార్డులను ఇచ్చేశాను. బేరంలో నేను ఓడిపోయానని స్నేహితులంటున్నారు. అయి ఉండవచ్చు! సిరా మరకల అరవై పుస్తకాలూ వేపాకుల మధ్య మళ్ళీ పెట్టెలోకి వెళ్ళాయి. మరునాడు అవ్వ 'త్యాగయ్య' బొమ్మ చూపించమంది. ఫోనులో చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది, ఏమీ అనలేదు.

సోమవారం మేస్త్రీ వస్తానన్నాడు.