శాంపిల్ అంత దూరం ఎందుకు పంపుతారు? పాత ల్యాబుల్ని ఎందుకు బాగుచేయాలి?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవారు మా సిస్టర్లను తరచుగా ఒక మాట అడుగుతుంటారు. "కళ్లె ఇక్కడే చూస్తారు కదా, మళ్లీ బయటికి ఎందుకు పంపుతారు? ఫలితం రావడానికి అన్ని వారాలు ఎందుకు?" అని. కోవిడ్ వచ్చినప్పటి నుంచి దీనికి ఇంకో ప్రశ్న తోడైంది. "ల్యాబుల్లో క్రిముల్ని పెంచుతారంట కదా సిస్టర్, అవి బయటికి వస్తే ఎట్లా?" రెండూ అడగవలసిన ప్రశ్నలే. కాబట్టి ఈసారి గట్టి బందోబస్తు ఉండే ల్యాబుల గురించి, అవి పాతబడితే ఏమవుతుందో, ఎలా బాగుచేస్తారో మీకు తెలియజేస్తున్నాము.

చూడడం వేరు, పెంచడం వేరు

కళ్లెను గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడడం మామూలు ల్యాబులో జరిగే పని. కానీ టి.బి. క్రిమి ఏ మందుకు లొంగుతుందో, ఏ మందుకు లొంగదో పూర్తిగా తెలియాలంటే కొన్నిసార్లు ఆ క్రిమిని సీసాలో పెంచవలసి వస్తుంది. దీనినే కల్చర్ అంటారు. టి.బి. క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ద్రవంలో పెంచితే 6 వారాల వరకు, గట్టి పదార్థం మీద పెంచితే 8 వారాల వరకు చూడాలి. ఆలస్యానికి కారణం ఇదే తప్ప ఎవరి నిర్లక్ష్యమూ కాదు.

పెంచిన సీసాలో క్రిములు కోట్లలో ఉంటాయి. మూత తీసేటప్పుడు కంటికి కనపడని తుంపర్లు గాలిలోకి లేస్తాయి. అందుకే ఆ పని అన్ని చోట్లా చేయకూడదు. ల్యాబుల భద్రతను 4 స్థాయిలుగా విభజించారు. మామూలు ఆసుపత్రి ల్యాబు 2వ స్థాయి. టి.బి. క్రిముల్ని పెంచే పనికి 3వ స్థాయి బందోబస్తు కావాలి. నిపా వంటి, మందు లేని ప్రాణాంతక వైరస్‌లకు 4వ స్థాయి కావాలి.

గాలి లోపలికే పోవాలి

వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి తలుపు దగ్గరగా వేస్తే, తలుపు సందులోంచి గాలి లోపలికి లాగినట్టు పోతుంది. బందోబస్తు ల్యాబులో ఏర్పాటు కూడా ఇటువంటిదే. లోపలి గాలి ఒత్తిడిని బయటికన్నా తక్కువగా ఉంచుతారు. తలుపు తెరిచినా బయటి గాలి లోపలికి వస్తుంది కానీ లోపలి గాలి బయటికి రాదు. బయటికి పంపే గాలిని హెపా ఫిల్టర్ గుండా వడకడతారు. వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేని కణాలను సైతం అది 99.97 శాతం ఆపుతుంది. క్రిములతో చేసే పని అంతా సేఫ్టీ క్యాబినెట్ అనే అద్దాల పెట్టెలో చేస్తారు. చెత్తను ఆవిరితో ఉడికించి చంపిన తరువాతే బయటికి పంపుతారు. ప్రమాదకరమైన క్రిములుండే చోట వాడిన నీటిని కూడా శుద్ధి చేయకుండా కాలువలోకి వదలరు.

పాతబడితే ఏమవుతుంది?

ఇంటి పైకప్పు పాతబడితే వానాకాలంలో కారి తెలుస్తుంది. ల్యాబు పాతబడితే అలా కంటికి కనపడదు. ఫిల్టర్ అంచు రబ్బరు ఎండిపోతుంది, ఫ్యాను బలం తగ్గుతుంది, నేల కింద పైపు పగులుతుంది. పని మాత్రం రోజూ జరుగుతూనే ఉంటుంది.

పశువులున్న కుటుంబాలకు గాలికుంటు వ్యాధి సంగతి చెప్పనక్కరలేదు. ఇంగ్లాండులోని పిర్‌బ్రైట్ అనే చోట ఆ వ్యాధి మీద పరిశోధన చేసే ల్యాబులు, టీకా తయారుచేసే కేంద్రం ఒకే ప్రాంగణంలో ఉండేవి. 2007 ఆగస్టులో ఆ చుట్టుపక్కల పశువులకు గాలికుంటు సోకింది. విచారిస్తే అది ల్యాబులో వాడే రకమేనని తేలింది. వైరస్ ఉన్న వాడుక నీరు పాత, పగిలిన పైపుల్లోంచి మట్టిలోకి ఇంకిందని, ఆ మట్టి కట్టడం పనికి వచ్చిన బండ్ల చక్రాలకు అంటుకుని రోడ్డెక్కి ఉండవచ్చని అధికారులు నిర్ధారణకు వచ్చారు. మొత్తం 8 చోట్ల పశువులకు వ్యాధి వచ్చింది. పైపుల సంగతి ముందే తెలిసినా, ఖర్చు విషయం తేలక పని జరగలేదని కూడా బయటపడింది. మన ఊళ్లో తాగునీటి పైపులో మురుగు కలిసినప్పుడు మనం అనే మాటే ఇక్కడా అనాలి. బాగుచేయడానికి అయ్యే ఖర్చు, బాగుచేయకపోతే అయ్యే నష్టం ముందు చిన్నదే.

ఎలా బాగుచేస్తారు?

కొత్త మిషన్లు కొని పెడితే పాత ల్యాబు కొత్తది కాదు. ముందు పని ఆపాలి. దాచి ఉంచిన క్రిముల సీసాలను లెక్క చూసి, గడ్డకట్టించి, తాళం వేసి, అంతే బందోబస్తు ఉన్న మరో చోటికి చేర్చాలి. గదులను మందు పొగతో శుద్ధి చేసిన తరువాతే కూలీలు లోపలికి రావాలి. అప్పుడు గాలి గొట్టాలు, ఫిల్టర్లు, పైపులు మార్చి, కరెంటు పోయినా ఫ్యాన్లు ఆగకుండా జనరేటర్ పెడతారు. క్రిములు లేకుండానే ల్యాబును నడిపి పరీక్షిస్తారు. సిబ్బందికి మళ్లీ శిక్షణ ఇస్తారు. తరువాత కూడా ఏటా తనిఖీ ఉండాలి. ఈ లోపల శాంపిళ్లు ఇంకో ల్యాబుకు పోతాయి కనుక ఫలితాలు కొంత ఆలస్యం కావచ్చు. ఆ ఆలస్యాన్ని ఓర్చుకోవడం అందరికీ మేలు.

మన దేశం నేర్చుకున్న పాఠం

పుణేలో వైరస్ పరిశోధన కేంద్రాన్ని 1952లో స్థాపించారు. 1957లో కర్ణాటకలోని షిమోగా అడవుల్లో కోతులు చనిపోతూ, మనుషులకు జ్వరాలు వచ్చినప్పుడు, క్యాసనూర్ అడవి జ్వరం వైరస్‌ను కనుగొన్నది ఆ కేంద్రమే. కానీ ఆ రోజుల్లో ఇప్పటి భద్రత లేదు. ఆ వైరస్‌తో పనిచేసిన ల్యాబు సిబ్బందిలో పలువురికి అదే జ్వరం సోకింది. 1978లో ఆ కేంద్రం జాతీయ వైరాలజీ సంస్థ అయింది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోయినప్పుడు, దానికి కారణం చండీపురా వైరస్ అని తేల్చింది కూడా ఆ సంస్థే.

2001లో సిలిగురిలో వింత జ్వరం వచ్చి సుమారు 66 మందికి సోకింది, 45 మంది వరకు చనిపోయారు. వారిలో ఎక్కువమందికి అది ఆసుపత్రిలోనే అంటింది. అది నిపా అన్న సంగతి అమెరికాలో పరీక్షలు జరిగి, 2006లో గానీ లోకానికి తెలియలేదు. 2011 జనవరిలో గుజరాత్‌లో క్రిమియన్-కాంగో జ్వరంతో ఒక స్త్రీ చనిపోయింది. ఆమెకు చికిత్స చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. పుణేలో 4వ స్థాయి ల్యాబు 2012 డిసెంబరులో ప్రారంభమైంది.

2018 మే నెలలో కేరళలో నిపా వచ్చినప్పుడు మణిపాల్ ల్యాబు, పుణే సంస్థ కొద్ది రోజుల్లోనే దాని పేరు చెప్పగలిగాయి. అప్పటికే ఒక యువ నర్సుతో సహా కొందరికి సోకింది, మొత్తం 17 మంది చనిపోయారు. అయినా పేరు తెలిసినందువల్ల రోగులను వేరుగా ఉంచి, వారిని కలిసినవారిని వెతికి, కొన్ని వారాల్లో అదుపు చేయగలిగారు. జబ్బు పేరు ఏళ్ల తరువాత తెలియడానికీ, రోజుల్లో తెలియడానికీ ఉన్న తేడా ఇది. వార్డులో రోగి పక్కన నిలబడే నర్సులకు ఆ తేడా ప్రాణంతో సమానం.

మన దగ్గర

అన్ని పరీక్షలకూ ఇప్పుడు దూరం పోనక్కరలేదు. కోవిడ్ కాలంలో, 2020లో, అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల ల్యాబులోనే పరీక్షలు జరిగాయి. టి.బి.కి సీబీనాట్, ట్రూనాట్ మిషన్లు వచ్చాయి. వీటిలో కళ్లెను ముందుగా మందు ద్రవంతో కలుపుతారు, క్రిముల్ని పెంచరు. కనుక 3వ స్థాయి గది అవసరం లేదు. సీబీనాట్ ఫలితం సుమారు 2 గంటల్లో వస్తుంది, రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడా చెబుతుంది. మిగతా మందుల సంగతి తేలడానికీ, మొండి టి.బి.లో చికిత్స ఎలా సాగుతోందో చూడడానికీ కల్చర్ ఇంకా కావాలి.

మీరు చేయవలసినవి

1. పొద్దున లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, లోతుగా దగ్గి కళ్లె తీయండి. ఉమ్మి పనికిరాదు.

2. ఆరుబయట, నలుగురికి దూరంగా తీయండి. గదిలో, బాత్‌రూములో వద్దు.

3. డబ్బా మూత గట్టిగా బిగించి, పేరు సరిగ్గా ఉందో లేదో చూసుకుని వెంటనే ఇవ్వండి. కారిన డబ్బాను ల్యాబువారు తీసుకోరు.

4. జ్వరంతో వచ్చినప్పుడు ఏ ఊరు పోయి వచ్చారో, పశువులు, కోతులు, గబ్బిలాల దగ్గరికి పోయారో, ఇంట్లో ఇంకెవరికి జ్వరం ఉందో దాచకుండా చెప్పండి. ఏ పరీక్ష, ఏ ల్యాబు అన్నది ఆ మాటతోనే తేలుతుంది.

5. కల్చర్ ఫలితం రాలేదని మందులు ఆపవద్దు. డాక్టరు గారు చెప్పేవరకు వాడండి.

సిస్టర్లు మాస్కు వేసుకుని, మిమ్మల్ని కిటికీ దగ్గర కూర్చోమంటే చిన్నబుచ్చుకోవద్దు. వార్డులో కిటికీలు తెరిచి ఉంచమని మేము పదేపదే చెప్పేది కూడా ఇందుకే. పెద్ద ల్యాబులో ఫ్యాన్లు, ఫిల్టర్లు చేసే పనిలో కొంత మన వార్డులో తెరిచిన కిటికీ చేస్తుంది.