ఎరీనాలో నలువదియవ కీర్తన

క్రిస్మసుకు ముందు మా సంఘములో గిటారు వాయించే యౌవనుడొకడు పట్టణములోని ఆర్కెస్ట్రాలో చేరాడు. పెండ్లిళ్లలోను తిరునాళ్లలోను సినిమా పాటలకు వాయించే ఆర్కెస్ట్రా అది. సంఘ పెద్దలకు కోపము వచ్చింది. ఆదివారము ప్రభువుకు వాయించిన చేతితో సోమవారము అక్కడ వాయించడమేమిటని అన్నారు. నేను కూడ తొందరపడి, ఏదో ఒకటి తేల్చుకొని రమ్మని అతనితో చెప్పాను. అతడు వాదించలేదు. “అయ్యగారూ, యూ టూ వాళ్ల సంగతి మీరెప్పుడైనా చదివారా?” అని మాత్రము అడిగి వెళ్లిపోయాడు.

నేను చదవలేదు. రాక్ సంగీతమంటే పొగ, కేక, చెవులు చిల్లులుపడే మోత అనే ఎరుగుదును. తరువాత చదివాను. చదివినది ఇక్కడ వ్రాస్తున్నాను.

1976లో ఐర్లండు దేశపు డబ్లిను నగరములో లారీ ముల్లెన్ అనే 14 ఏండ్ల బాలుడు, పాటల బృందమునకు మనుష్యులు కావలెనని తన పాఠశాల నోటీసు బోర్డుకు ఒక కాగితము అంటించాడు. ఆ కుర్రవాళ్లు మొదట కూడినది లారీ ఇంటి వంటగదిలో. చివరకు నలుగురు నిలిచారు. పాట పాడేవాని పేరు పాల్ హ్యూసన్, లోకమంతా బోనో అని పిలుస్తుంది. తల్లి ప్రొటెస్టెంటు, తండ్రి రోమన్ కాథలిక్కు. ఐర్లండులో ఆ రోజులలో ఇది చిన్న సంగతి కాదు. ఆదివారము తల్లి పిల్లలను తన గుడికి తీసుకొని వెళ్తే తండ్రి బయట నిలువబడి ఉండేవాడట. బోనోకు 14 ఏండ్లప్పుడు, 1974లో, ఆ తల్లి తన తండ్రి భూస్థాపన సమయములోనే కూలిపోయి, కొద్ది దినములలో మరణించింది. ఇంటిలో తండ్రి, అన్న, తాను మిగిలారు. ఆయన పాటలలోని వెలితి అక్కడినుండే వచ్చిందని ఆయనే చాలమార్లు చెప్పాడు.

నలుగురిలో ముగ్గురు, అనగా బోనో, గిటారు వాయించే ఎడ్జ్, డ్రమ్ములు వాయించే లారీ, షాలోమ్ అనే ప్రార్థన సహవాసములో చేరారు. బైబిలు చదవడము, కూడి ప్రార్థించడము వారికి దినచర్య అయింది. 1981లో ఆ సహవాసములోనుండి వారికి ఒక మాట వచ్చింది: ఈ సంగీతము విడిచిపెట్టండి, అది దేవునిది కాదు అని. వారు దానిని తేలికగా తీసికొనలేదు. ఎడ్జ్ మానివేయుటకు సిద్ధపడ్డాడు. అతడు లేకుంటే నేనును ఉండనన్నాడు బోనో. ఇద్దరూ వెళ్లి మేనేజరు పాల్ మెక్‌గినెస్‌తో చెప్పారు. అప్పటికే రాబోయే కచేరీ యాత్రకు ఒప్పందములు కుదిరి ఉన్నవి. ఆయన వేదాంతము మాట్లాడలేదు. ఇతరులతో చేసికొన్న ఒప్పందము మీరాలని మీ దేవుడు మీతో చెప్పాడా అని అడిగాడు. వారియొద్ద జవాబు లేదు. యాత్రకు వెళ్లారు. సంగీతము మానలేదు, సహవాసమునుండి మాత్రము క్రమేణ దూరమయ్యారు. ఈ చివరి మాట నన్ను చాల దినములు నొప్పించింది. ఎవరు ఎవరిని విడిచిపెట్టినట్టు?

తరువాత, 1983లో వెలువడిన వారి మూడవ ఆల్బము పని ముగిసే చివరి గంటలలో ఇంకొక పాట తక్కువైంది. బేసు గిటారు వాయించే ఆడమ్ అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. బోనో బైబిలు తెరచి నలువదియవ కీర్తన తీశాడు. పాటకు పేరు కూడ 40 అనే పెట్టారు. ఎన్నో ఏండ్లు వారి కచేరీలు ఆ పాటతోనే ముగిసేవి. బృందములోని వారు ఒక్కొక్కరుగా వాద్యము దించి లోపలికి వెళ్లిపోతారు. చివర డ్రమ్ములు ఆగుతాయి. జనము మాత్రము పల్లవి మానరు, పాడుకొంటూనే బయటికి నడుస్తారు. దావీదు కీర్తన అని తెలిసి పాడినవారు వారిలో ఎందరో!

పేరు పెరిగినకొలది ఆర్భాటమూ పెరిగింది. 1997 యాత్రలో 40 అడుగుల నిమ్మకాయ ఆకారములోనుండి వేదికమీదికి దిగేవారు. నార్వేలోని ఓస్లో నగరములో ఆ నిమ్మకాయ తెరుచుకొనక లోపలే చిక్కుకున్నారట! దావీదు సౌలు ఆయుధములు తొడుగుకొని నడవలేకపోయినది జ్ఞాపకమొచ్చి నవ్వుకున్నాను.

తరువాతి యాత్రలో చాల మట్టుకు ఆ బరువు దించుకున్నారు. 2001 మార్చి 24న అమెరికాలోని ఫ్లోరిడాలో ఎలివేషన్ యాత్ర మొదలైంది. డిసెంబరు 2న మయామీలో ముగిసేలోగా 113 కచేరీలు. మైదానములు విడిచి ఎక్కువగా ఎరీనాలలో పాడారు. ఎరీనా అనగా పైకప్పు గల పెద్ద క్రీడాభవనము, పదిహేను ఇరువది వేలమంది పడతారు. వేదిక ముందు నేలమీద చాల చోట్ల కుర్చీలు తీయించారు. వేదికనుండి జనములోనికి హృదయాకారములో ఒక నడవ కట్టారు. ముందు వచ్చిన సుమారు 300 మంది దాని నడుమ నిలువవచ్చును. ఎక్కువ వెల కుర్చీలు దూరమున, తక్కువ వెల టికెట్టు వేదిక పక్కన! మన సువార్త సభలలో ముందు వరుస కుర్చీలు ఎవరికి వేస్తామో ఆలోచించుకొనవలెను.

ఆ యాత్రలో ఒక ముఖ్యమైన పాటకు ముందు బోనో 116వ కీర్తనలోని కొన్ని వచనములు చదివేవాడు, దేవుడు చేసిన ఉపకారములకు బదులేమి చెల్లించగలనని కీర్తనకారుడు అడిగే చోటు. యూజీన్ పీటర్సన్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టరు చేసిన వాడుకభాషా అనువాదము అది. తన్ను కలియుమని బోనో పిలిస్తే, యెషయా గ్రంథపు పని ముగించవలెనని ఈ పాస్టరు రాలేదు. బోనో ఎవరో కూడ మొదట ఆయనకు తెలియదు! తరువాత స్నేహితులయ్యారు. ఇద్దరూ కీర్తనలనుగూర్చి మాట్లాడుకొన్న చిన్న చిత్రము 2016లో వచ్చింది. 2018లో పీటర్సన్ ప్రభువునందు నిద్రించారు.

ఆ 2001 వేసవిలో బోనో తండ్రి కాన్సరుతో డబ్లిను ఆసుపత్రిలో ఉన్నాడు. యూరపులో కచేరీ ముగియగానే విమానమెక్కి వచ్చి బోనో ఆయన మంచము పక్కన ఉండేవాడు. ఆగస్టు 21 తెల్లవారుజామున తండ్రి కన్నుమూశాడు. ఆ రాత్రి లండనులో కచేరీ. మానలేదు, వెళ్లి పాడాడు. 24న భూస్థాపన. 25న స్లేన్ కోట ఎదుట సుమారు 80,000 మంది ముందు మరల నిలిచాడు.

మన ఊళ్లలోనైతే బంధువులు ఊరుకోరు. నేనును మొదట అలాగే తలంచాను. అయితే మా నాన్నగారిని సమాధి చేసిన మూడవనాడు ఆదివారము వచ్చింది. నేను లేచి ప్రసంగించాను. ఎవరూ తప్పుపట్టలేదు, ధైర్యముగల సేవకుడని కూడ అన్నారు. నిజము చెప్పాలంటే, ఆ దినము ఇంటిలో కూర్చునే ధైర్యము లేక వెళ్లాను.

సెప్టెంబరు 11 దాడుల తరువాత, అక్టోబరులో ఆ యాత్ర న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు చేరింది. పాట జరుగుతుండగా చనిపోయినవారి పేర్లు తెరమీద ఒకదాని వెంట ఒకటి సాగిపోయాయి. ఆ ఊరిలో ఆ పేర్లు ఎరిగినవారు ఎదుటనే నిలిచి ఉన్నారు.

వీరిని పరిశుద్ధుల పటములో పెట్టమని నేననడము లేదు. 1993 యాత్రలో బోనో ఎర్రని కొమ్ములు పెట్టుకొని సాతాను వేషము వేశాడు. అపవాదిని ఎగతాళి చేయుటకే అని వివరించాడు. వివరణ విన్నాను, మనసు పూర్తిగా ఒప్పలేదు. లేవీయకాండము 25వ అధ్యాయములోని సునాద సంవత్సరము పేరట బీదదేశముల అప్పులు మాఫీ చేయుమని గొప్ప ప్రభుత్వములను అడిగినవాడు ఆయనే. 2006లో పన్ను తగ్గునని తమ పాటల హక్కుల వ్యాపారములో కొంత నెదర్లాండుకు తరలించిన బృందము కూడ అదే. విమర్శించినవారిది తప్పనలేను. మోత సంగతి సరేసరి. అయినా మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే చాల పాటల తలమీద రాగము, తాళము పేర్లున్నవి. అవి కూడ గుడిలో పుట్టినవి కావు.

మొన్న గురువారము సాయంకాలము ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాను. వాళ్ల నాన్న తాపీపని నుండి అప్పుడే వచ్చి కాళ్లు కడుగుకొంటున్నాడు. గిటారు గోడకు తగిలించి ఉంది, గుడ్డ కప్పి.

“ఆర్కెస్ట్రా మానేస్తానులెండి అయ్యగారూ,” అన్నాడు అబ్బాయి. “కాని మాఘమాసములో మూడు పెండ్లిళ్లకు అడ్వాన్సు తీసుకున్నాను. నాన్న మందులకు ఖర్చయిపోయింది.”

మాట తప్పమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మూడు పెండ్లిళ్లూ వాయించమన్నాను, ఆదివారము గిటారు గుడికి తెమ్మన్నాను. “మరి పెద్దలు?” అన్నాడు వాళ్ల నాన్న, తువ్వాలుతో ముఖము తుడుచుకొంటూ. వారితో నేను మాట్లాడతానన్నాను. కమిటీ వచ్చే శనివారము కూడుతుంది.